కప్పు పలుకు: బొగ్గుబాయిలో శబ్దం, ఆకారం, మాట

భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు జరిగే తనిఖీల్లో ఒకటి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. తనిఖీ బాధ్యత ఉన్న సర్దార్ ఒక కడ్డీతో పైకప్పును తడతాడు. ఆగి వింటాడు. రెండడుగులు ముందుకు వేసి మళ్లీ తడతాడు. పైనున్న రాయి పొరలన్నీ ఒకదానికొకటి కరుచుకుని ఉంటే దెబ్బ ఖంగుమంటుంది. ఒక పొర విడిపోయి, దానికీ పై పొరకూ నడుమ సందు ఏర్పడితే అదే దెబ్బ డోలు మీద పడ్డట్టు డొల్లగా మోగుతుంది. కప్పు చేతికి అందే ఎత్తులో ఉంటే రెండో చేతి వేళ్లను రాయికి ఆనించి తట్టడం గనుల్లో పాత పద్ధతి. చెవికి అందని అదురు వేళ్లకు తెలుస్తుంది. కంటికి మాత్రం రెండు చోట్లా ఒకే నల్లని కప్పు, క్యాప్ ల్యాంప్ వెలుగులో ఒకేలా కనిపిస్తుంది.

కనిపించని ఒక ఆకారాన్ని, అంటే రాతి పొరల నడుమ ఉన్న సందును, చెవితో చూడటం ఇది. ఆ తేడాను చెప్పడానికి మన భాషలో ఉన్న మాటలు కూడా విచిత్రంగా ఆ తేడానే మోస్తున్నట్టు అనిపిస్తాయి. 'ఖంగు' అన్న మాట గట్టిదాన్ని తట్టినట్టే ఉంది. 'డొల్ల' అన్న మాట లోపల ఖాళీ ఉన్నట్టే ఉంది. ఇది నిజంగా శబ్దంలో ఉన్న గుణమా, లేక పుట్టినప్పటి నుంచి ఆ మాటల్ని ఆ అర్థాలతో వింటున్నాం కాబట్టి అలా తోస్తోందా? ఈ వ్యాసం ఈ ప్రశ్న గురించే. తెలుగు ధ్వన్యనుకరణ పదాలు వస్తువుల భౌతిక స్వభావాన్ని కొంతమేరకు మోస్తాయని నమ్మడానికి తగిన ఆధారాలు ఉన్నాయి. అయితే అవి జనరంజక వ్యాసాలు చెప్పినంత దూరం పోవు. ఎంతవరకు పోతాయో అక్కడ గీత గీయాలి.

గంట దెబ్బ, కప్పు దెబ్బ

ముందు, ధ్వనికీ అర్థానికీ పోలిక లేని మాటల సంగతి. ఈ బాయిల పేర్లే దానికి ఉదాహరణ. విలియం కింగ్ అనే భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రామగుండం వైపు గనులు పెరిగాక గోదావరి ఒడ్డున గోదావరిఖని అనే పట్టణమే లేచింది. దాని పేరులోనే ఖని ఉంది. ఖని, గని, బాయి: ఒకే చోటుకు మూడు మాటలు. మొదటిది సంస్కృతం, రెండోది దాని తెలుగు రూపం, మూడోది కార్మికుల ఇళ్లలో వినిపించేది. 'బాయికి పోయిండు' అంటే గోదావరిఖనిలో ఎవరూ నీళ్ల బావి అనుకోరు. ఆ కొలిమి లాంటి లోతుకూ, ఈ మూడు మాటల్లో దేని ధ్వనికీ పోలిక లేదు. పదానికీ పదార్థానికీ సహజ సంబంధం ఉండదని, అది సమాజపు ఒప్పందమని భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పాఠాలు చెప్పాయి. ఆయన మరణానంతరం 1916లో అవి పుస్తకంగా వచ్చాయి. భాషలో సింహభాగానికి ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది.

గనిలో ఆ ఒప్పందానికి చక్కని ఉదాహరణ హాలేజీ గంట. బొగ్గు మోసే టబ్బులు కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే 'ఆపు' అని అర్థం. ఆగడానికీ ఒక్క దెబ్బకూ పోలిక ఏమీ లేదు. రెండు దెబ్బలకు ఆపాలని నిబంధన పెట్టి ఉంటే రెండుకే ఆపేవారు. అందరూ ఒకే సంకేతాన్ని నేర్చుకోవడమే ముఖ్యం. కప్పు దెబ్బ అలాంటిది కాదు. రాయి ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. విడిపోయిన పొర తప్పెట చర్మంలా వంగి అదురుతుంది, అందుకే మంద్రంగా మోగుతుంది. గట్టి రాయి అలా వంగదు. పొగ నిప్పును తెలిపినట్టు ఆ చప్పుడు సందును తెలుపుతుంది.

'ఖంగు', 'డొల్ల', 'ఫెళఫెళ', 'కిర్రు' వంటి మాటలు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. అవి గంటలా పూర్తి ఒప్పందమూ కావు, రాయిలా పూర్తి ప్రకృతీ కావు. అందుకే వాటిని పరీక్షించడం కష్టం, అందుకే ఆసక్తికరం కూడా.

ప్రయోగాలు చెప్పింది, చెప్పనిది

మనస్తత్వ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ కోలర్ 1929లో రెండు బొమ్మలు ఇచ్చాడు. ఒకటి మెలికలు తిరిగిన గుండ్రని గీత, రెండోది కోణాలు పొడుచుకొచ్చిన గీత. 'టకెటె', 'బలుమ' అనే అర్థం లేని రెండు పేర్లలో ఏది దేనిదని అడిగాడు. తర్వాతి ముద్రణలో బలుమ 'మలుమ' అయింది. అదే ఏడాది ఎడ్వర్డ్ సపీర్ 'మిల్', 'మల్' అని రెండు పేర్లు చెప్పి, వాటిలో పెద్ద బల్ల ఏదని అడిగితే ఎక్కువమంది 'మల్' అన్నారు. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ కలిసి 2001లో ఈ ప్రయోగానికి 'బూబా-కికి' అనే పేర్లతో కొత్త ప్రాణం పోశారు. ఇంద్రియాలు ఒకదానిలోకి ఒకటి ప్రవహించే సినెస్తీషియా గురించిన పరిశోధనలో భాగంగా వారు దీన్ని చర్చించారు. కొందరికి అంకెలు రంగుల్లో కనిపిస్తాయి. ఆ అసాధారణ అనుభవానికి సాధారణ రూపం మనందరిలో ఉందేమో అన్నది వారి ప్రతిపాదన. అమెరికన్ విద్యార్థులే కాక తమిళం మాట్లాడేవారు కూడా ఒకే జవాబు (బూబా గుండ్రనిది, కికి కోణాలది) ఇచ్చారని, 95 శాతం మంది ఏకీభవించారని ప్రచారమైంది.

ఆ 95ను పట్టుకుని ఎక్కడికీ పోకూడదు. అలెగ్జాండ్రా చ్వియెక్ బృందం 25 భాషలవారితో, 917 మందితో చేసి 2021 చివర్లో వెలువరించిన అధ్యయనంలో సగటు 72 శాతం. యాదృచ్ఛికంగా వచ్చే 50 కన్నా ఇది స్పష్టంగా ఎక్కువే. కానీ ప్రతి నలుగురిలో ఒకరు వేరే జవాబు చెప్పారన్నది కూడా అంతే నిజం. రొమేనియన్, టర్కిష్, మాండరిన్ మాట్లాడేవారిలో ప్రభావం తేలలేదు. ఆ 25 భాషల్లో తెలుగు లేదు. నమీబియాలో రాత అలవాటు లేని హింబా ప్రజలతో 2013లో ఆండ్రూ బ్రెమ్నర్ బృందం చేసిన ప్రయోగంలో శబ్దం-ఆకారం జత కుదిరింది. కానీ అదే ప్రజలు రుచికీ ఆకారానికీ పాశ్చాత్యులు చేసినట్టు జత కట్టలేదు. ఒక ఇంద్రియ జంట అందరికీ ఉమ్మడిగా కనిపిస్తే అన్నీ ఉమ్మడివే అనుకోవడం పొరపాటని దీని నుంచి నేర్చుకోవాలి.

నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచేది ఒక వైఫల్యం. నేపాల్‌లో స్యూబా అనే చిన్న భాష మాట్లాడేవారిపై సుజీ స్టైల్స్, లారెన్ గాన్ చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. అక్కడ ప్రభావం కనిపించలేదు. వాళ్లు ఇచ్చిన కారణం ఆలోచించదగ్గది: ప్రయోగంలోని పేర్లు ఆ భాషలో మాటలుగా కుదిరే పేర్లు కావు. చెవికి మాటగా తోచని శబ్దానికి ఆకారం కట్టమంటే ఎవరు కడతారు?

ఈ హెచ్చరిక తెలుగుకు వెంటనే వర్తిస్తుంది. మనది అచ్చులతో ముగిసే మాటల భాష, కాబట్టి 'కికి', 'బూబా' రూపంలో కుదురుతాయి. కానీ 'బూబా' మనకు అర్థం లేని మాట కాదు. దక్కన్‌లో బూబమ్మలు ఉన్నారు. కోలర్ ఇచ్చిన 'మలుమ' వినగానే తెలుగు చెవికి 'మలుపు' గుర్తొస్తుంది, అంటే వంపు తిరిగిన గీతకు జవాబు ముందే అంది పోతుంది. 'టకెటె' పక్కన 'టక్కున' కాచుకుని ఉంది. ఈ జంటలతో గోదావరిఖనిలో ప్రయోగం చేసి 90 శాతం వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ ఫలితం శబ్దానిదో తెలుగు పదకోశానిదో తేల్చడం సాధ్యం కాదు.

గుడి, కొమ్ము, పరుషం

బూబా-కికి మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. రోమన్ లిపిలో 'బి' అక్షరం గుండ్రంగా, 'కె' అక్షరం కోణాలతో ఉంటాయి. జనం వింటున్నది శబ్దాన్నా, మనసులో చూస్తున్నది అక్షరాన్నా? క్రిస్టీన్ కస్‌క్లీ, జూలియా సిమ్నర్, సైమన్ కర్బీ 2017లో ఈ ప్రశ్ననే తీసుకుని, చదువుకున్నవారిలో అక్షరం ఆకారం జవాబులను గణనీయంగా ప్రభావితం చేస్తుందని చూపారు.

ఇక్కడ తెలుగు లిపి చాలా పనికొస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రనివే. 'క'కూ 'బ'కూ వంపుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. గుణింతపు గుర్తుల పేర్లు మరీ ఆసక్తికరం. 'కి'లో ఇకారానికి పెట్టేది గుడి. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది అన్నప్పుడు ఉన్న గుడి అంటే వలయం. 'బూ'లో ఊకారానికి పెట్టేది కొమ్ము, దాని దీర్ఘం. అంటే అక్షరాన్ని బట్టి చూస్తే తెలుగులో 'కికి'కి రెండు గుండ్రని గుడులు దక్కుతాయి, 'బూబా'కు కొమ్ము మొలుస్తుంది! లిపే కారణమైతే తెలుగు చదువరులు జవాబును తారుమారు చేయాలి, లేదా కనీసం తడబడాలి. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు, తెలుగు లిపి మాత్రమే వచ్చినవారు, ఏ లిపీ రాని పెద్దవారు: ఈ మూడు వర్గాలూ ఒకే కాలనీలో, చాలాసార్లు ఒకే ఇంట్లో దొరకడం బొగ్గుబెల్టు ప్రత్యేకత. తొలి తరాల కార్మికుల్లో వేలిముద్ర వేసినవారు ఎందరో ఉన్నారు. 'ఎయిట్ ఇంక్లైన్' నుంచి వచ్చిన యైటింక్లైన్ కాలనీ అన్న ఊరిపేరును ఇంగ్లీషు అని తెలియకుండానే తెలుగు మాటగా పలికిన తరం అది.

లిపి కాకుండా వ్యాకరణంలో ఒక సాక్ష్యం ఉంది. క చ ట త ప లను మనం పరుషాలంటాం, గ జ డ ద బ లను సరళాలంటాం. చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858 నాటిది, ఆ పేర్ల వెనకున్న సంప్రదాయం ఇంకా పాతది. పరుషం అంటే కరకు, సరళం అంటే మెత్తనిది, ఒడుదొడుకులు లేనిది. స్పర్శకు చెందిన గుణాలను శబ్దానికి పేర్లుగా పెట్టిన వ్యాకర్తలు, కోలర్ కన్నా ఎన్నో తరాల ముందే కికిలోని 'క'ను కరకు వైపు, బూబాలోని 'బ'ను మెత్తని వైపు సర్దారు. దీన్ని ప్రయోగ ఫలితంతో సమానంగా ఎంచకూడదు. పాఠం చెప్పేవారి సౌకర్యం కూడా ఇలాంటి పేర్లను పుట్టిస్తుంది. కానీ ఈ జత పాశ్చాత్య ప్రయోగశాలలో పుట్టిన భ్రమ కాదని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు.

కుండ ఎందుకు పలుకుతుంది

కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడటం ప్రతి ఇంట్లో తెలిసిన విద్య. బాగా కాలిన కుండ ఖంగుమని పలుకుతుంది. బీట ఉన్నది మొద్దుగా మోగుతుంది. 'పలుకుతుంది' అన్న క్రియను తెలుగు మనిషికీ కుండకూ ఒకేలా వాడుతుంది. ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ అవుయెన్‌బ్రుగర్ 1761లో రోగి ఛాతీని వేళ్లతో తట్టి లోపలి స్థితిని వినే పద్ధతిని ప్రకటించాడు. ఆయన తండ్రి పూటకూళ్ల యజమాని, పీపాలను తట్టి లోపల ఎంత ఉందో చూసేవాడని చెబుతారు. కుండ, పీపా, ఛాతీ, గని కప్పు: తట్టి వినే విద్య అంతా ఒక్కటే.

శబ్దం-ఆకారం ముడికి అత్యంత నమ్మదగిన వివరణ ఇక్కడే దొరుకుతోందని నా అభిప్రాయం. మాథిల్డ్ ఫోర్, జాన్-లూక్ ష్వార్ట్జ్ 2022లో ఒక సూటి ప్రశ్న వేశారు. గుండ్రని వస్తువులు, ముళ్లలాంటి కోణాలున్న వస్తువులు దొర్లినప్పుడు, తగిలినప్పుడు ఎలాంటి చప్పుళ్లు చేస్తాయి? గుండ్రనివి తెగకుండా, మంద్రంగా మోగుతాయి. కోణాలున్నవి తెగితెగి, హెచ్చు స్థాయిలో టకటకలాడతాయి. క, ట, ప ల వంటి పరుషాల్లో గాలి పూర్తిగా ఆగి ఒక్కసారి పేలుతుంది. మ, ల, న లలో శబ్దం తెగదు. 'ఇ' స్వరంలో హెచ్చు పౌనఃపున్యాల బలం ఎక్కువ, 'ఊ', 'ఓ' లలో తక్కువ. వస్తువు చప్పుడుకీ నోటి చప్పుడుకీ ఉన్న ఈ పోలికను జీవితాంతం వింటూ పెరిగిన చెవి అర్థం లేని పేరు విన్నప్పుడు కూడా దాన్నే అనుసరిస్తుందన్నది వాళ్ల వాదన. ఇందులో అక్షరం అవసరం లేదు, మెదడులో అసాధారణ తీగలు కలవనక్కరలేదు.

తెలుగు ధ్వన్యనుకరణాల్లో ఈ భౌతికత ఎంత నిక్కచ్చిగా ఉందో ఒక్క చోట చూపిస్తాను. దెబ్బ తర్వాత మోత సాగే చప్పుళ్లకు అనునాసికం వస్తుంది: ఖంగు, ఠంగు, గణగణ, టంకారం, ఝుమ్ము. దెబ్బతోనే ఆగిపోయే చప్పుళ్లకు ద్విత్వ హల్లు వస్తుంది: టక్కు, టప్పు, దబ్బు. అనునాసికంలో నోరు మూసుకున్నా ముక్కు ద్వారా శబ్దం సాగుతూనే ఉంటుంది, మోగిన లోహంలో మోత తగ్గుతూ సాగినట్టు. ద్విత్వంలో గాలి ఆగిపోతుంది. ఇంగ్లీషులో డింగ్, క్లాంగ్ ఒక వైపు, ట్యాప్, క్లిక్ రెండో వైపు. హిందీలో టన్‌టన్, ఖట్‌ఖట్. వేర్వేరు భాషా కుటుంబాల్లో ఒకే విభజన కనిపిస్తోంది. ఇంగ్లీషు, హిందీ ఒకే పెద్ద కుటుంబానివి, భారతీయ భాషలు పరస్పరం అరువు తెచ్చుకున్నాయి కూడా. అవన్నీ తీసేసినా, శబ్దం సాగడానికీ తెగడానికీ నోటి కదలికతో ఉన్న ముడి ఇంత సూటిగా ఉన్నప్పుడు, దీన్ని యాదృచ్ఛికమనడం కష్టం.

ముల్లు, సూది: ఎదురు సాక్ష్యాలు

ఇక్కడి నుంచి ఒక్క అడుగు వేసినా నేల మెత్తబడుతుంది. లోపల ఖాళీని చెప్పే మాటలు చూడండి: డొల్ల, గుల్ల, బోలు, బొంగు, తొర్ర, బొరియ, బొక్క, గొయ్యి, గుంత. అన్నింటిలోనూ మొదటి అచ్చు పెదవులు గుండ్రంగా చుట్టి పలికేదే. గుండ్రనివి కూడా అంతే: గుండు, ఉండ, బూరె, గుమ్మడి. చదువుతుంటేనే ఒప్పుకోవాలనిపిస్తుంది. అందుకే అనుమానించాలి. ఈ జాబితాను నేను ఏరి కూర్చాను. ఏరినవాడికి కావలసినవే చేతికి వస్తాయి.

రెండో వైపు చూస్తే తెలుగులో అతి వాడియైన రెండు వస్తువుల పేర్లు ముల్లు, సూది. 'ముల్లు'లో మకారం, లకారం, ఉకారం: కోలర్ లెక్కలో అది మలుమకు తోబుట్టువు. మొన, కొన కూడా ఒకారాలే. చిన్న, చిట్టి, పిసరు, చీమ లలో ఇకారం ఉందని మురిసేలోగా పొట్టి, బుడత, గున్న వచ్చి నిలబడతాయి. వేల భాషల పదజాబితాలను గణించి డామియన్ బ్లాసి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 'చిన్న' అనే అర్థానికి ఇకారంతో, 'నాలుక'కు లకారంతో, 'ముక్కు'కు నకారంతో ముడి కనిపించింది. మన 'నాలుక' ఆ ధోరణిలో చక్కగా ఒదుగుతుంది. మన 'ముక్కు' ఒదగదు. గణాంక ధోరణి అంటే ఇదే: భాషలన్నింటి మీద కనిపిస్తుంది, ఒక్క మాట గురించి హామీ ఇవ్వదు.

గరుకుతనం విషయంలో సాక్ష్యం కొంచెం బలంగా ఉంది. నాలుక అదిరించి రకారం పలికే భాషల్లో గరుకు స్పర్శను చెప్పే మాటల్లో రకారం ఎక్కువగా ఉంటుందని బోడో వింటర్ బృందం 2022లో చూపింది. గరుకు, బరక, కరకు, గరగర. వీటికి ఎదురుగా నున్నన, నునుపు, మెత్తన. నాలుక అదరడం వేలు గరుకు తలం మీద అదురుతూ జరగడం లాంటిదే కాబట్టి వివరణ కూడా భౌతికంగానే ఉంది. అయినా 'జారు' అన్న మాటలో రకారం హాయిగా జారిపోతుంది, 'నిమురు' కూడా అంతే.

చప్పుడు నుంచి గుబులు దాకా

ఇప్పటిదాకా చెప్పినవి చప్పుడును అనుకరించే మాటలు. తెలుగు అక్కడితో ఆగదు. మార్క్ డింగెమాన్సె 2012లో ఈ తరహా పదాలకు ఒక మెట్ల వరుసను ప్రతిపాదించాడు. కొన్ని భాషలు శబ్దాన్ని మాత్రమే ఇలా చిత్రిస్తాయి. మరికొన్ని కదలికను, ఆపైన కంటికి కనిపించేదాన్ని, ఆపైన మిగతా ఇంద్రియాలను, చివరికి మనసులోని అనుభూతిని కూడా చిత్రిస్తాయి. పై మెట్టు ఉన్న భాషకు కింది మెట్లు కూడా ఉంటాయి. తెలుగు చివరి మెట్టు దాకా ఎక్కింది: విరిగే కట్టె ఫెళఫెళ, నడక బిరబిర, వెలుగు తళతళ, మంట చురచుర, గుండె గుబగుబ. బొగ్గు నిగనిగలాడుతుంది, నిప్పైతే కణకణలాడుతుంది. నిగనిగకు చప్పుడు లేదు, కణకణ చెప్పేది ముఖ్యంగా కంటినీ ఒంటినీ తాకే వేడిని.

ఎం.బి. ఎమెనో 1969లో రాసిన వ్యాసంలో ఇలాంటి జంట పదాలు ద్రావిడ, ఇండో-ఆర్య భాషలు రెండింటిలోనూ పరచుకున్న ఉమ్మడి లక్షణమని, భారతదేశాన్ని ఒక భాషా మండలంగా చూడటానికి అవి ఒక ఆధారమని చూపాడు. ఈ మాట మన ప్రశ్నను జటిలం చేస్తుంది. పొరుగు భాషల్లో ఒకేలాంటి మాట ఉంటే, అది శబ్దస్వభావం వల్ల విడివిడిగా పుట్టిందా, శతాబ్దాల సహవాసంలో చేతులు మారిందా? తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, గోండి మాట్లాడేవారు కలిసి పని చేసిన బొగ్గుబెల్టులో ఆ సహవాసం కళ్ల ముందే జరిగింది. నిగనిగ మెరుపును పోలి ఉందని నాకు అనిపించడం సాక్ష్యం కాదు. తెలుగు రానివారికి 'నిగనిగ', 'గరగర' వినిపించి, మెరిసే బొగ్గు పెళ్లనూ మసిబారిన బొగ్గు పెళ్లనూ చూపి ఏది ఏదని అడిగితే, అప్పుడు వచ్చే జవాబు సాక్ష్యం.

'కమ్మని' గురించి ఇక్కడే ఒక మాట. కమ్మని నెయ్యి, కమ్మని వాసన, కమ్మని పాట. మూడు ఇంద్రియాలు ఒక విశేషణంలో ఇంత సహజంగా సర్దుకోవడం నాకు ఎప్పుడూ సంతోషాన్నిస్తుంది. కానీ ఇది అర్థవిస్తరణ, ధ్వనిచిత్రణ కాదు. రెండింటినీ ఒకే గంపలో వేయడం ఈ రంగంలో తరచు జరిగే పొరపాటు.

చెవి తగ్గితే

బొగ్గుబెల్టుకు ఈ విషయం విద్వత్తుకు మాత్రమే సంబంధించినది కాదు. డ్రిల్లు, ఫ్యాను, కన్వేయర్, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం, ఓపెన్‌కాస్టులో డంపర్: ఏళ్ల తరబడి ఈ మోతలో పనిచేసిన చెవి ఒక ప్రత్యేకమైన తీరులో దెబ్బతింటుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లను పరిమితిగా, 85ను హెచ్చరికగా పెట్టింది. మోత వల్ల వచ్చే వినికిడి లోపం మొదట 4,000 హెర్ట్జ్ పరిసరాల్లో గుంట తవ్వుతుంది. అచ్చుల బలం చాలావరకు దానికి కిందనే ఉంటుంది. క, చ, ట, స, శ ల పదును మాత్రం హెచ్చు స్థాయిల్లో ఉంటుంది. అందుకే ఇలాంటివారు 'మాట వినబడుతుంది గానీ ఏందో తెల్వదు' అంటారు. పాలు, చాలు, కాలు, తాలు: మొదటి హల్లు తప్ప అన్నీ ఒకటే. ఆ హల్లు చెరిగిపోతే మిగిలేది ఒక్కటే మోత. ఎదుటివారి పెదవులు చూస్తే పా, కా తేడా తెలుస్తుంది. చూపు వినికిడిని ఎంతగా మారుస్తుందో 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ చూపారు. గనిలో ఎదుటివాడి ముఖం చీకట్లో ఉంటుంది, అతని ల్యాంపు వెలుగు నీ కళ్లలో ఉంటుంది.

ఈ వ్యాసంలో ఇంతకుముందు వాడిన భాషతో చెప్పాలంటే, మోత మొదట తినేసేది భాషలోని కికి వైపును. బూబా వైపు చాలాకాలం మిగులుతుంది. దీన్ని రూపకంగా కాక అక్షరాలా అంటున్నాను.

దీని నుంచి రెండు ఊహలు పుడతాయి. వాటిని ఊహలుగానే ఇస్తున్నాను. మాసిమిలియానో జాంపిని, చార్లెస్ స్పెన్స్ 2004లో బంగాళాదుంప చిప్స్ కొరికినప్పుడు వచ్చే చప్పుడులో హెచ్చు పౌనఃపున్యాలను పెంచి వినిపిస్తే, తినేవారు వాటిని ఎక్కువ కరకరలాడేవిగా, తాజాగా అంచనా వేశారని చూపారు. నోటికి తెలిసే కరకరలో చెవి వాటా ఉందన్నమాట. అలాగైతే ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసి రిటైరైన మనిషికి సంక్రాంతి సకినం మెత్తబడినట్టు తోస్తుందా? పళ్లు గట్టిగా ఉన్నా, సకినం అప్పుడే నూనెలోంచి తీసినదైనా? వినికిడి పరీక్ష పట్టీని పక్కన పెట్టుకుని దీన్ని అడిగి చూడవచ్చు.

రెండోది ప్రాణాలకు సంబంధించినది. డొల్ల చప్పుడు మంద్రమైనది కాబట్టి చెవి తగ్గినవారికి కూడా వినబడుతుందని అనుకోవచ్చు. కానీ కప్పును పరీక్షించడమంటే ఒక చప్పుడు వినడం కాదు, రెండు చప్పుళ్లను పోల్చడం. ఖంగులోని పై స్వరాలు చెవికి అందకపోతే ఖంగుకూ డొల్లకూ తేడా తగ్గుతుంది. 2003 అక్టోబరులో గోదావరిఖని 8-ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి పదిమంది చనిపోయారు. ఆ దుర్ఘటనకు వినికిడితో సంబంధం ఉందని నేను అనడం లేదు. కప్పు తీర్పు ఎంత బరువైనదో గుర్తు చేస్తున్నాను, అంతే. తట్టి వినే పద్ధతికి సహజమైన హద్దులూ ఉన్నాయి. చాలా ఎత్తున విడిపోయిన మందపాటి పొర దెబ్బకు స్పందించదు. పక్కన యంత్రం మోగుతుంటే విన్నది నమ్మలేం. అందుకే రూఫ్ బోల్టులు, కప్పు కదలికను కొలిచే పరికరాలు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్తలు తట్టిన చప్పుడును విశ్లేషించి కప్పు గట్టిదో వదులుదో చెప్పే ఎలక్ట్రానిక్ పరికరం మీద పనిచేశారు.

రామగుండంలో చేయదగ్గ పరీక్ష

పరీక్ష ఖరీదైనది కానవసరం లేదు. గట్టి కప్పు, వదులు కప్పు దెబ్బల రికార్డింగులు కొన్ని. తెలుగులో మాటగా కుదిరేవి, కానీ ఏ తెలుగు మాటనూ గుర్తు చేయనివి అయిన పేర్ల జంటలు కొన్ని. వాటిని చదివించకూడదు, వినిపించాలి. భూగర్భంలో పనిచేసి రిటైరైనవారు, ఓపెన్‌కాస్టు ఆపరేటర్లు, వారి ఇళ్లలోని, ఎన్నడూ గని దిగని ఆడవాళ్లు: మూడు వర్గాలు, ప్రతి ఒక్కరికీ వినికిడి పరీక్ష. కప్పు విన్న అనుభవం శబ్దం-ఆకారం ముడిని బిగిస్తుందా, లేక అది కుండలు కొట్టి కొన్న ఇల్లాలికి కూడా అంతే బిగువుగా ఉందా అన్నది తేలుతుంది. ఇల్లాలికీ సర్దారుకీ తేడా రాకపోతే, భౌతిక వివరణకు అది గట్టి బలం. సర్దారుకే బలంగా ఉంటే నేర్చుకున్నదాని వాటా ఎక్కువని ఒప్పుకోవాలి.

ఇంకొక పని దీనికన్నా తొందరది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. రైతు నోటి మాటను ఊరూరా తిరిగి రాసుకున్న పని అది. బొగ్గు పనికి కూడా అలాంటి చెవి కావాలి. టబ్బు, చెమ్మస్, డిప్పు, లెవల్ వంటి పేర్లు కాగితాల్లో ఎలాగూ మిగులుతాయి. చప్పుళ్ల పేర్లు మిగలవు. సింగరేణి ఉత్పత్తిలో అధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుదే. అక్కడ నెత్తి మీద కప్పు లేదు, ఆకాశం ఉంది. కప్పు విన్న తరం ఒక్కో షిఫ్టుగా ఇంటికి వస్తోంది.

వాళ్ల దగ్గరికి వెళ్లి 'కప్పు ఎలా మోగేది' అని అడిగితే ఖంగు అనో డొల్ల అనో చెప్పి ఊరుకుంటారు. ఆ రెండు మాటలు మనకూ తెలుసు. రికార్డింగు వినిపించి అడగాల్సింది ఆ రెండింటి నడుమ ఉన్న చప్పుళ్ల గురించి: పూర్తిగా గట్టిదీ కాని, పూర్తిగా విడిపోయినదీ కాని కప్పు, బరువెక్కుతున్న కట్టె సపోర్టు విరగక ముందు తీసే తొలి కిర్రు, నాలుగు పెళ్లలు రాలి ఆగిన తర్వాతి నిశ్శబ్దం. ఏ చప్పుడుకు వెనక్కి జరిగారు, దాన్ని పక్కవాడికి ఏ మాటతో చెప్పారు?